చివరి తూము దగ్గర కుర్చీ

మా ముత్తాతగారు మునసబు. ఆయన తండ్రిగారూ మునసబే. తాడేపల్లిగూడెం వైపు నుంచి కొల్లేటికి దిగే ఒక కాలువ మీద మా ఊరు. ఆ ఊళ్ళో శిస్తు వసూలూ, గట్ల తగవులూ వారి చేతుల మీదుగానే నడిచాయి. మా నాయనమ్మ అత్తిలి దగ్గర మోతుబరుల ఇంటి ఆడపడుచు. ఆవిడ కాపురానికి వచ్చిన రోజున పడవలో వచ్చిన సామాను దించేసరికి పొద్దు గూకిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాతగారు మునసబుగా ఉండగానే ప్రభుత్వం ఆ పదవినే తీసేసింది. పదవి పోయింది గాని ఆయన మాట పోలేదు. ఇందులో నేను పెంచి రాసింది ఏమీ లేదు.

రెండో పంట దాళ్వాకు నీళ్ళు చాలని ఏడాది కాలువ మీద వంతులు పెట్టేవారు. ఎవరి చేలకు ఎప్పుడు నీళ్ళో తేల్చేది మా తాతగారు. మా పొలం కాలువ మొదట్లో ఉండేది. మొదట్లో ఉన్నవాళ్ళు తూములు ఎత్తేసుకుంటే కొల్లేటి అంచున ఉన్న శివారు చేలు బీటలు తీయాల్సిందే. అందుకని ఆయన వంతులు ఎప్పుడూ శివారు నుంచి మొదలుపెట్టేవారు. మాది ఆఖరి వంతు. చేతులున్న టేకు కుర్చీ ఒకటి పాలేరు చేత మోయించుకుని వెళ్ళి, చివరి తూము దగ్గర గట్టు మీద వేయించుకుని కూర్చునేవారు. నీళ్ళు ఆ కుర్చీ దాకా వచ్చేవరకూ పైనున్న వాళ్ళెవరూ తమ తూము ముట్టుకోకూడదు. చిన్నప్పుడు నేను ఆ కుర్చీ చేతి మీద కూర్చుని, ఎండిన కాలువలో ఆకులనీ బురదనీ తోసుకుంటూ వచ్చే నీళ్ళ కోసం చూసేదాన్ని. ఎంతసేపు కూర్చున్నా ఆయన వీపు కుర్చీకి ఆనేది కాదు. నాకూ ఆ అలవాటే వచ్చింది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు దాన్ని కోపం అనుకుంటారు.

మా నాన్నగారి కాలానికి కొల్లేటి అంచున అందరూ చేపల చెరువులు తవ్వారు. ఆయనా తవ్వించారు. సరస్సులోకి చొచ్చుకువెళ్ళిన చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించినప్పుడు మావీ పోయాయి. అక్కడి నుంచి మేం కాస్త కాస్తగా దిగాం. ఒక ఏడాది మెరక చేను, మరొక ఏడాది పల్లపు చేను, ఆ తరవాత కళ్ళం, దాని చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లు. ఒకేసారి పోయి ఉంటే ఊరంతా వచ్చి పలకరించేది. కాస్త కాస్తగా పోయేది ఎవరి కంటా పడదు. ప్రతిసారీ మిగిలినదాన్ని చూసుకుని తల ఎత్తుకు తిరగవచ్చు. నాన్నగారు పోయాక నాకూ బాబాయికీ మిగిలింది ఇల్లు. సామాను పంచుకున్నప్పుడు నేను ఆ కుర్చీ ఒక్కటే అడిగాను.

ఏలూరులో నా ఉద్యోగం పట్టణ సమాజాభివృద్ధి విభాగాన్ని నడపడం. పేరు పెద్దది, గది చిన్నది. ఆడవాళ్ళ పొదుపు సంఘాలు, కుట్టు శిక్షణ, ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే చోటు, వీధి వ్యాపారుల గుర్తింపు కార్డులు, అన్నీ ఆ గది నుంచే నడవాలి. ఇంజనీర్లు రోడ్డు వేస్తే నలుగురికీ కనపడుతుంది. మా పని సరిగ్గా జరిగిన రోజున ఏమీ జరగనట్టే ఉంటుంది. మా నాన్నగారికి నా ఉద్యోగం ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. చుట్టాలు అడిగితే, మా అమ్మాయి కూడా వంతులు పెడుతుంది అని చెప్పేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ అది నాకు చిన్నతనంగానే ఉండేది.

కాలువ వంతెన పక్కన రోడ్డు వారగా చేపలమ్మే ఆడవాళ్ళు ఉండేవారు. కొల్లేటి లంకల నుంచి చీకటితోనే ఆటోల్లో వచ్చి, మధ్యాహ్నానికి ఖాళీ గిన్నెలతో వెళ్ళిపోయేవారు. రోడ్డు వెడల్పు చేయడంతో వాళ్ళను అక్కడి నుంచి లేపాల్సి వచ్చింది. బదులుగా పక్క సందులో షెడ్డు కట్టారు. పైన రేకులు, కొళాయిలు, పొడుగునా ఒకే వరసలో సిమెంటు దిమ్మలు. కట్టడం ఇంజనీర్ల పని. ఎవరిని ఏ దిమ్మ మీద కూర్చోపెట్టాలన్నది మా పని. నిబంధన ప్రకారం లాటరీ తీయించాను. స్టీలు బిందెలో చీటీలు వేసి, అందరి ముందూ, ఎవరి చీటీ వాళ్ళ చేతే తీయించాను. ఒక్కరూ వేలెత్తి చూపలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి తృప్తిగా భోంచేశాను.

ఏలూరులో చేపలు కొనడానికి వచ్చేవారు బండి దిగితేనే గొప్ప. దిగినా రోడ్డు వైపున్న మొదటి నాలుగైదు దిమ్మల దగ్గరే బేరం ముగించేస్తారు. తడి నేల తొక్కుకుంటూ, మురుగు కాలువ పక్కనున్న చివరి దిమ్మల దాకా ఎవరు వెళతారు? అక్కడున్నవాళ్ళ చేపలు ఐసులోనే మెత్తబడేవి. కొన్నాళ్ళు ఓపిక పట్టి, వాళ్ళు గిన్నెలు ఎత్తుకుని మళ్ళీ రోడ్డు మీదకి వెళ్ళి కూర్చున్నారు. రోడ్డు మీదే చేప దొరుకుతుంటే షెడ్డులోకి వచ్చేవాళ్ళు లేకపోయారు. దాంతో మధ్య దిమ్మలవాళ్ళూ బయటికి వచ్చేశారు. చివరికి షెడ్డులో మిగిలింది మొదటి దిమ్మ వచ్చినామె ఒక్కతే. ఆ ఆడవాళ్ళందరికీ సంఘం లీడరు కూడా ఆమే.

కమిషనరుగారు చిన్నవాడు, మంచివాడు. నన్ను పిలిచి మెల్లగానే చెప్పారు. "మేడమ్, రోడ్డు మీద వాళ్ళని ఉండనివ్వలేను. ఖాళీగా ఉంటే షెడ్డూ ఉంచలేను. బళ్ళ పార్కింగుకి అడుగుతున్నారు. వచ్చే కౌన్సిలు సమావేశం దాకా చూస్తాను." అంటే ఆ సమావేశం లోపు షెడ్డు నిండకపోతే వాళ్ళకు రోడ్డూ లేదు, షెడ్డూ లేదు. లంకల్లో వాళ్ళకు సెంటు భూమి లేదు. ఆ చోటే వాళ్ళ ఆస్తి.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. లీడరు కొర్రమీనుకి బూడిద పట్టించి పొలుసు గీస్తూ ఉంది. వయసులో నాకన్నా కొంచెం పెద్దది. నన్ను చూసి కత్తిపీట పక్కకి జరిపింది.

"రండి మేడమ్ గారూ. చేప కావాలాండీ, కబుర్లు కావాలాండీ?"

కబుర్లే కావాలన్నాను. మిగతావాళ్ళను లోపలికి ఎందుకు పిలవడం లేదని అడిగాను. పిలిస్తే వాళ్ళు అడిగేది తన దిమ్మనే కదా అని ఆమె జవాబు. పుట్టి బుద్ధెరిగాక తనకు తగిలిన లాటరీ ఇదొక్కటేననీ, ఎవరికో ఇవ్వడానికి తీయలేదనీ చెప్పింది. మాటలో దురుసు లేదు. ఆ తరవాత నా వైపు కాసేపు చూసి, మా ఊరి పేరు చెప్పి, మునసబుగారి మనవరాలు మీరేనా అని అడిగింది. అవునన్నాను.

"మీ ఇల్లు నాకు బాగా తెలుసండీ. పెరటివైపు. మా అమ్మ గంప దించితే మీ నాయనమ్మగారు గుమ్మం లోపల నిలబడి బేరం ఆడేవారు. గట్టి బేరమండీ ఆవిడది. ముందువైపు ఎలా ఉంటదో మాత్రం తెల్దండీ."

పెద్ద గుమ్మం, ద్వారబంధం పై కమ్మీ మీద గజలక్ష్మి చెక్కి ఉంటుందని చెప్పాను. "అలాగాండీ" అని ఆమె మళ్ళీ పొలుసు గీయడం మొదలుపెట్టింది. నిష్ఠూరమాడినట్టు లేదు. ఎవరికో దారి చెప్పినట్టు చెప్పింది. నేనే ఆ మాట పట్టుకుని ఆఫీసు దాకా వెళ్ళాను. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నేను పెరటి గుమ్మం బయట నిలబడి లోపలికి చూసిన గుర్తు లేదు. అక్కడి నుంచి ఆలోచన కాలువ మీదకు పోయింది. మాది మొదటి తూము. ఇక్కడ ఈమెది మొదటి దిమ్మ.

రెండు రోజుల తరవాత, అమ్మకాలు అయిపోయి గిన్నెలు కడుక్కునే వేళకి అందర్నీ షెడ్డులో కూర్చోమని మా విభాగంలో ఆర్గనైజరుగా పనిచేసే అమ్మాయి చేత కబురు చేయించాను. ఆ అమ్మాయి కింద చాపలు పరిచింది. వాళ్ళు చాపల మీద కూర్చోకుండా దిమ్మలెక్కి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. నేను నిలబడే మాట్లాడాను. లాటరీ పక్కన పెడదాం, వంతులు పెట్టుకుందాం అన్నాను. మా తాతగారు నీళ్ళకు పెట్టినట్టే, చివరి దిమ్మామెది మొదటి వంతు. ఆమె ముందుకు వస్తే మిగతావాళ్ళు ఒక్కో దిమ్మ వెనక్కి జరగాలి.

రోజుకొకరా, వారానికొకరా అని చర్చ లేచింది. రోజుకొకరు అనగానే రెండో దిమ్మ మీద కూర్చున్న ఒకావిడ అందుకుంది.

"శనివారం పూట నాకు మొదటి దిమ్మ ఇచ్చి పుణ్యం కట్టుకుంటారాండీ? ఊరంతా ద్వారకా తిరుమల బస్సెక్కుతుంటే నేను రొయ్యలకి కబుర్లు చెప్పుకోవాలి."

అందరూ నవ్వారు. శనివారం చేప ముట్టనివాళ్ళు ఏలూరులో చాలామంది. ఆదివారమే అసలు బేరం. అందుకని వంతు ఆదివారం మారాలి, మారినవాళ్ళు మళ్ళీ ఆదివారం దాకా అక్కడే ఉండాలి అని వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. లీడరు మాత్రం అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆమె ఒప్పుకోకపోతే ఇదంతా ఉత్త మాటేనని అందరికీ తెలుసు. చీటీ ఆమెది, దిమ్మ ఆమెది. నేను బలవంతంగా లేపితే మిగతావాళ్ళే ఆమె పక్కన నిలబడతారు.

"మీ తాతగారు శివారు తూము దగ్గర కుర్చీ వేయించుకునేవారని మా నాన్న చెప్పేవాడండీ" అంది చివరికి. "మరి మీరెక్కడ కూర్చుంటారండీ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మా ఆర్గనైజరు అమ్మాయి తల దించుకుంది. నాకు ముందు ఒళ్ళు మండింది. వెంటనే, ఆమె అడిగిందాంట్లో తప్పేమీ లేదనీ తోచింది. మా తాతగారి వంతులు నిలబడింది ఆయన మాట వల్లనే అనుకుంటూ పెరిగాను. ఆయన కూర్చున్న చోటు సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

"మురుగు కాలువ పక్కన కూర్చుంటాను" అన్నాను. "చివరి దిమ్మ దాటాక నా బల్ల వేయిస్తాను. కార్డులు, సంఘాల పనులు పొద్దుటి పూట అక్కడే చూస్తాను. నాతో పనున్నవాళ్ళు మీ అందర్నీ దాటుకునే రావాలి."

"చేపల నీళ్ళు కాళ్ళ కిందకి వస్తాయండీ."

"కాళ్ళు పైకి పెట్టుకుంటాను."

ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేదు. ముందు దిమ్మలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒక్కో దిమ్మేగా జరగడం, జరుగుదాంలే అన్నారు. అప్పుడు లీడరు దిమ్మ దిగి, గిన్నె ఎత్తి చంకన పెట్టుకుంది. రెండో చేత్తో కత్తిపీట తీసుకుంది.

"ఒక్కో దిమ్మా కిందకి జరగడం నా వల్ల కాదండీ. ఇవాళ రెండోది, రేపు మూడోది అని దిగుతా ఉంటే రోజూ పోయినట్టే ఉంటది. దిగేదేదో ఒకేసారి దిగుతానండీ."

అని షెడ్డు పొడుగునా నడిచి వెళ్ళి చివరి దిమ్మ మీద గిన్నె పెట్టింది. ఆ దిమ్మ వచ్చినామె బూడిద డబ్బా పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడిపోతే, "వెళ్ళవే, ఆదివారం బేరం నీది" అని తోసింది. మా ఇంట్లో ఇంతమంది పెద్దలు, ఇంత చదువు. ఇలా ఒకేసారి దిగడం మాత్రం ఒక్కరమూ చేయలేకపోయాం.

ఆమె దారే మిగతావాళ్ళకూ నియమమైంది. ఆ వారానికి వాళ్ళిద్దరి దిమ్మలూ తారుమారు. తరవాత ప్రతి ఆదివారం మొదటి దిమ్మలో ఉన్నామె ఒకేసారి చివరికి వెళ్ళాలి, మిగతావాళ్ళు ఒక్కో దిమ్మ ముందుకు రావాలి. నేను చెప్పిన పద్ధతి కన్నా ఇదే బాగుంది. ముందుకు జరగడానికి ఎవరికీ కష్టం ఉండదు.

బల్ల వేయించాను. ఆఫీసు కుర్చీకి కింద చక్రాలు. ఆ తడి నేల మీద కూర్చోగానే అది మురుగు వైపు జారేది. రెండోసారి జారినప్పుడు లీడరు నా చెయ్యి పట్టుకుని ఆపింది. మర్నాడు ఇంటి నుంచి తాతగారి కుర్చీ ఆటోలో తెప్పించాను. అది కదల్లేదు.

మొదటి ఆదివారం చివరి దిమ్మ దగ్గర బేరం పలచగానే సాగింది. ముందుకు వెళ్ళినామె గిన్నె ఖాళీ అయినా లీడరు గిన్నెలో చేపలు సగానికి పైగా ఉన్నాయి. మూత పెట్టి, పైన తడి గోనె కప్పి, నా ముందు లైన్లో నిలబడ్డవాళ్ళను చూస్తూ కూర్చుంది. ఆ వారమంతా నా దగ్గరికి వచ్చేవాళ్ళు పెరిగారు. తోపుడు బళ్ళవాళ్ళు కార్డుల కోసం, సంఘాల ఆడవాళ్ళు బ్యాంకు పనుల కోసం, టైలరింగు నేర్చుకునే పిల్లలు సర్టిఫికెట్ల కోసం. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చినవాళ్ళు, వెళ్ళేటప్పుడు ఆగి ధర అడిగేవారు. ఒక పెద్దాయనైతే, కుర్చీలో నిటారుగా కూర్చున్న నన్ను చూసి షెడ్డు యజమానురాలిననుకుని, "బొచ్చె చేప ఎంతకి ఇప్పిస్తారమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే లీడరు ధర చెప్పింది. మేడమ్ గారి ధర ఇంకా ఎక్కువండీ అని కూడా అంది.

అదే సమయంలో రోడ్డు మీద మిగిలినవాళ్ళూ లోపలికి వచ్చేశారు. చివర కూర్చున్నా వారం వారం ముందుకు జరుగుతామన్న ధైర్యం ఉంది కాబట్టి, ఒకటి రెండు వారాల నష్టానికి వెనకాడలేదు. బయట చేప దొరక్కపోయేసరికి కొనేవాళ్ళకీ లోపలికి రాక తప్పింది కాదు.

కౌన్సిలు సమావేశానికి ముందు ఆదివారం కమిషనరుగారు వచ్చారు. నేను పిలవలేదు. గేటు దగ్గర ఆగి, నిండిన దిమ్మలన్నీ చూసి, ప్యాంటు అంచులు కాస్త పైకి పట్టుకుని ఆ జనంలో నడుచుకుంటూ నా దాకా వచ్చారు. ఆఫీసు ఇక్కడికి ఎందుకు మార్చారని అడిగారు. మార్చలేదండీ, పొడిగించాను అన్నాను. ఆయన ఇంకేదో అనబోతుంటే ఆ వారం చివరి దిమ్మలో ఉన్న రొయ్యలావిడ, శనివారం గురించి వేళాకోళమాడినావిడే, "సార్ గారికి శీలావతి వద్దండీ, ముళ్ళెక్కువ. రొయ్యలు తీసుకోండి" అని గిన్నె మూత తీసింది. ఆయన రొయ్యలు తీసుకున్నారు. ధర తగ్గించమని అడిగారు. ఆమె తగ్గించలేదు. పార్కింగు మాట ఆ సమావేశంలో రాలేదు. తరవాతా రాలేదు.

నేను ఇప్పటికీ పొద్దుటి పూట అక్కడే కూర్చుంటున్నాను. చీరలకు ఆ వాసన పోదు. బంధువుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు, మునసబుగారి మనవరాలు చేపల షెడ్డులో కూర్చుంటుందట అని గుసగుసలు వినిపిస్తాయి. ఆయన కూర్చున్నదీ శివారులోనే అన్న సంగతి వాళ్ళకు గుర్తుండి ఉంటే ఆ మాట అనేవారే కాదు.

లీడరు వారానికొక దిమ్మ చొప్పున ముందుకు జరిగి, మళ్ళీ మొదటి దిమ్మకు చేరింది. ఆ వారమంతా గేటు దగ్గర నుంచే నాకు నమస్కారం పెట్టేది. ఆదివారం వంతు మారగానే, ఎవరూ చెప్పకముందే గిన్నె ఎత్తుకుని నా పక్కకు వచ్చేసింది.

"మీ ఇల్లు ముందువైపు ఒకసారి చూపిస్తారాండీ?" అంది, కత్తిపీట సర్దుకుంటూ.

చూపిస్తానన్నాను. అప్పటికే బాబాయీ నేనూ ఇల్లు అమ్మే సంగతి మాట్లాడుకుంటున్నాం. ఆయన ముందు పెరటి స్థలం అమ్మి చూద్దామన్నారు. ఆ తరవాత పడమటి గదులు. మా ఇంట్లో ఎప్పుడూ నడిచే దారే. నేను వద్దన్నాను. చేస్తే ఒకేసారి చేద్దామన్నాను. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నానో ఆయనకు చెప్పలేదు.

ఒక శనివారం బేరం పలచగా ఉంటే ఆమెను మా ఊరు తీసుకువెళ్ళాను. ముందు గుమ్మం దగ్గర నిలబడి పైన గజలక్ష్మిని తల ఎత్తి చూసింది. "పెద్దదేనండీ" అంది. రెండు తలుపులూ తీసి లోపలికి రమ్మన్నాను. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, గదులన్నీ దాటుకుంటూ పెరట్లోకి నడిచింది. అక్కడ గుమ్మం బయటికి వెళ్ళి, గంప దించే చోట నిలబడి, ఇటు తిరిగి నన్ను చూసింది. నేను లోపల మా నాయనమ్మ నిలబడ్డ చోటే ఉన్నాను. నేనూ గడప దాటి బయటికి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

ఆ నెలలోనే ఇంటి స్థలం మొత్తం ఒకేసారి ఊళ్ళోని రైసు మిల్లువాళ్ళు కొన్నారు. ముందు గుమ్మాన్ని, గజలక్ష్మి కమ్మీతో, రెండు తలుపులతో సహా, తాడేపల్లిగూడెంలో పాత కలప అడితికి అమ్మాం.